అమెరికా డీవీ లాటరీ: అర్హత చూసుకోవడం నుంచి విమానం ఎక్కేదాకా

"మనది ఇండియన్ పాస్‌పోర్ట్ కదా, మనకు డీవీ లాటరీ లేదు కదా?" అని అడిగేవాళ్లే ఎక్కువ. డీవీ (డైవర్సిటీ వీసా) లాటరీ అంటే, అమెరికాకు తక్కువమంది వలస వెళ్లే దేశాల్లో పుట్టినవాళ్లను లాటరీలో ఎంపిక చేసి గ్రీన్ కార్డ్ (శాశ్వత నివాసం) ఇచ్చే కార్యక్రమం. ఇక్కడ పాస్‌పోర్ట్ లెక్కలోకి రాదు, ఎక్కడ పుట్టారన్నదే చూస్తారు. కువైట్‌లోనో మస్కట్‌లోనో పుట్టిన తెలుగువాళ్లు, అలాంటివాళ్లను పెళ్లి చేసుకున్నవాళ్లు ఈ ఒక్క మాట తెలియక ఏళ్ల తరబడి అవకాశం వదులుకుంటున్నారు.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. డీవీ 2027 (2027 సెప్టెంబర్‌తో వీసాలు ముగిసే విడత) దరఖాస్తులు ప్రతి ఏడాదిలా 2025 అక్టోబర్‌లో తెరవలేదు. ఆ డిసెంబర్‌లో అమెరికా ప్రభుత్వం ఈ కార్యక్రమాన్ని నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. కాబట్టి అమెరికా విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో ఇప్పటి పరిస్థితి చూసుకోకుండా ఎవరికీ రూపాయి కూడా ఇవ్వకండి. కింద చెప్పిన సన్నాహాలకు మాత్రం దరఖాస్తులు తెరిచేదాకా ఆగనక్కర్లేదు. పత్రాలు సరిచేసుకోవడానికే నెలలు పడుతుంది.

1. అర్హత: పుట్టిన దేశం

గడిచిన ఐదేళ్లలో కుటుంబ, ఉద్యోగ కేటగిరీల ద్వారా 50,000 మందికి మించి అమెరికాకు వలస వెళ్లిన దేశాలను డీవీ నుంచి తప్పిస్తారు. అందుకే ఇండియా లేదు. పాకిస్తాన్, బంగ్లాదేశ్, చైనా, ఫిలిప్పీన్స్, కెనడా కూడా లేవు. జాబితా ఏటా మారవచ్చు కాబట్టి ఆ ఏడాది సూచనల్లోనే చూసుకోవాలి.

డీవీ 2026 వరకు అర్హత ఉన్న దేశాల్లో మనవాళ్లకు సంబంధం ఉన్నవి: కువైట్, యూఏఈ, సౌదీ, ఒమన్, ఖతార్, బహ్రెయిన్, నేపాల్, శ్రీలంక, సింగపూర్, మలేషియా, మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికా.

ఇండియాలో పుట్టినవాళ్లకు రెండే దారులు ఉన్నాయి.

మొదటిది, భార్య లేదా భర్త పుట్టిన దేశం. రాజమండ్రిలో పుట్టిన భర్త, దోహాలో పుట్టిన భార్య అనుకోండి. భార్య తన దేశం మీద ఒక దరఖాస్తు వేయవచ్చు. భర్త కూడా భార్య పుట్టిన ఖతార్‌ను తన అర్హత దేశంగా చూపించి తన పేరుమీద ఇంకొకటి వేయవచ్చు. ఇద్దరూ రెండో వ్యక్తిని తమ దరఖాస్తులో చూపించాలి. అంటే ఒకే కుటుంబానికి రెండు అవకాశాలు. భర్త దరఖాస్తు తగిలితే ఇద్దరికీ వీసాలు రావాలి, ఇద్దరూ ఒకేసారి అమెరికాలో అడుగు పెట్టాలి.

రెండోది తల్లిదండ్రుల దేశం. మీరు పుట్టే నాటికి తల్లిదండ్రులిద్దరిలో ఎవరూ ఇండియాలో పుట్టినవాళ్లు గానీ, ఇక్కడ స్థిరనివాసం ఉన్నవాళ్లు గానీ కాకపోతేనే ఇది పనిచేస్తుంది. తెలుగు కుటుంబాల్లో అరుదు.

పిల్లలు పుట్టిన దేశం మాత్రం తల్లిదండ్రులకు పనికిరాదు. "మా బాబు దుబాయ్‌లో పుట్టాడు, వాడి పేరు మీద మేం వేస్తాం" అంటే కుదరదు. ఆ బాబు పెద్దయ్యి ఇంటర్ పూర్తి చేశాక తనంతట తాను వేసుకోవచ్చు.

ఇద్దరూ ఇండియాలోనే పుట్టి, తల్లిదండ్రుల దారి కూడా లేకపోతే ఇక్కడితో ఆగిపోండి. ఎవరు ఏ "స్పెషల్ కోటా" అని చెప్పినా అది అబద్ధం.

ఇంకొక మాట. అమెరికాలో హెచ్‌1బీ మీద ఉంటూ ఈబీ2, ఈబీ3 అనే ఉద్యోగ గ్రీన్ కార్డ్ క్యూలో నిలబడ్డవాళ్లకు కూడా భార్య లేదా భర్త పుట్టిన దేశం నియమం వర్తిస్తుంది. గల్ఫ్‌లో పుట్టిన జీవిత భాగస్వామి ఉంటే ఇండియా క్యూ నుంచి బయటపడే వీలుంది. లాటరీ కంటే ఇదే గట్టి దారి కాబట్టి ముందు మీ అటార్నీని ఈ విషయం అడగండి.

2. అర్హత: చదువు లేదా పని

12 ఏళ్ల రెగ్యులర్ స్కూలు చదువు పూర్తి కావాలి. మనకైతే ఇంటర్ పాస్ అయి ఉండాలి. పదో తరగతితో ఆగితే సరిపోదు. ప్రైవేటుగా కట్టి పాసైన పరీక్షలు, కరస్పాండెన్స్ కోర్సులు, తత్సమాన సర్టిఫికెట్లు ఒప్పుకోరు.

అది లేకపోతే, గత ఐదేళ్లలో కనీసం రెండేళ్ల పని అనుభవం ఉండాలి. ఆ పని కూడా రెండేళ్ల శిక్షణ అవసరమయ్యే స్థాయిది కావాలి. అమెరికా కార్మిక శాఖ ఓనెట్ జాబితాలో జాబ్ జోన్ 4 లేదా 5లో ఉన్న వృత్తులే దీనికి పనికొస్తాయి. డ్రైవింగ్, దుకాణంలో సేల్స్, ఇంటిపని అందులోకి రావు.

ఈ షరతు దరఖాస్తు ఎవరి పేరు మీద ఉందో వారికే. భార్య కువైట్‌లో పుట్టింది గానీ ఇంటర్ పూర్తి కాలేదనుకోండి. భర్త డిగ్రీ చదివి ఉంటే, భార్య దేశం చూపించి భర్త పేరు మీద వేయాలి. ఇలాంటి జంటలు భార్య పేరు మీదే వేసి, ఎంపికయ్యాక ఇంటర్వ్యూలో తిరస్కరణకు గురవుతారు.

3. ఫారం తెరవకముందు: పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు

మన తెలుగువాళ్లకు ఎక్కువ చిక్కులు వచ్చేది ఇక్కడే.

పేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అలాగే రాయాలి. సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు ఉంటే అది ఫ్యామిలీ నేమ్. చాలామంది పాత పాస్‌పోర్ట్‌లలో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు గివెన్ నేమ్‌లో ఉంటుంది. ఫారంలో ఒకే పేరు ఉన్నవాళ్లు దాన్ని ఫ్యామిలీ నేమ్ గడిలోనే రాయాలన్నది నియమం. సర్టిఫికెట్‌లో "కె. వెంకటరావు", పాస్‌పోర్ట్‌లో "కొల్లి వెంకటరావు" అని ఉంటే పాస్‌పోర్ట్ పేరే రాయండి. ఇన్షియల్‌తో రాయకండి. ముందుగానే పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ వేరు చేయించుకుంటే తర్వాత అన్ని పత్రాల్లోనూ సుఖం.

పుట్టిన తేదీ సంగతి ఇంకా సున్నితం. స్కూల్లో చేర్చేటప్పుడు నాన్నగారు చెప్పిన తేదీ ఎస్సెస్సీ మెమోలో, అక్కడి నుంచి పాస్‌పోర్ట్‌లో చేరి ఉంటుంది. జనన ధ్రువపత్రంలో అసలు తేదీ వేరుగా ఉంటుంది. రెండూ కలవకపోతే ఇంటర్వ్యూలో అనుమానం వస్తుంది. ముందు అధికారికంగా సరిచేయించుకోండి. ఆ తర్వాతే దరఖాస్తు.

పుట్టిన ఊరు గడిలో ఊరు పేరు మాత్రమే రాయాలి. జిల్లా, రాష్ట్రం, దేశం అందులో కలపకూడదు.

గల్ఫ్‌లో పుట్టినవాళ్లు పాస్‌పోర్ట్ చివరి పేజీ కాదు, మొదటి పేజీ తెరిచి "ప్లేస్ ఆఫ్ బర్త్" చూడండి. అక్కడ సొంతూరు కడపో అమలాపురమో పడి ఉంటే, కువైట్ మీద అర్హత అడిగినా మీ పాస్‌పోర్టే మీకు ఎదురు సాక్ష్యం చెబుతుంది. అక్కడి ఆస్పత్రి రికార్డు మీద వచ్చిన అరబిక్ జనన ధ్రువపత్రం, భారత ఎంబసీలో పుట్టుక నమోదు చేయించిన కాగితం, పాస్‌పోర్ట్ మూడూ ఒకే మాట చెప్పాలి.

ఫారానికి ముందు చేతిలో ఉండాల్సినవి:

☐ గడువు ఉన్న పాస్‌పోర్ట్. పాస్‌పోర్ట్ వివరాలు తప్పనిసరి చేయాలని 2025లో ప్రతిపాదన వచ్చింది
☐ కుటుంబంలో అందరి పేర్లు, పుట్టిన తేదీలు, పుట్టిన ఊళ్లు, పత్రాల్లో ఉన్నట్టుగా ఒక కాగితం మీద
☐ అందరి కొత్త ఫొటోలు
☐ కనీసం రెండేళ్లపాటు మీ చేతిలోనే ఉండే ఈమెయిల్. ఆఫీసు మెయిల్ వద్దు
☐ అంతర్జాతీయంగా పనిచేసే కార్డు. గతంలో దరఖాస్తు ఉచితం. 2025 సెప్టెంబర్‌లో ఖరారైన నిబంధనతో 1 డాలర్ ఫీజు పెట్టారు

4. ఫొటో

ఫొటో కొలతలు:

☐ చతురస్రం, 600×600 నుంచి 1200×1200 పిక్సెళ్ల మధ్య
☐ జేపెగ్ ఫైల్, 240 కేబీ లోపు, కలర్
☐ గడ్డం నుంచి నడినెత్తి దాకా తల, ఫొటో ఎత్తులో 50 నుంచి 69 శాతం
☐ తెల్లని లేదా లేత బ్యాక్‌గ్రౌండ్, నీడ పడకూడదు
☐ కళ్లద్దాలు వద్దు, టోపీ వద్దు
☐ గత 6 నెలల్లో తీసింది

మన ఫొటో స్టూడియోల అలవాటు ఒకటుంది. అడగకపోయినా ముఖం తెల్లబరుస్తారు, మచ్చలు తుడుస్తారు, జుట్టు అంచులు కత్తిరించి వెనక తెల్లరంగు పోస్తారు. చెవి అంచు దగ్గర ఒక పలుచటి గీత మిగులుతుంది. పెద్దది చేసి చూస్తే తెలిసిపోతుంది. దిద్దిన ఫొటో వల్ల దరఖాస్తు పోవచ్చు. "ఏమీ దిద్దొద్దు, కత్తిరించి మాత్రమే ఇవ్వండి" అని ముందే గట్టిగా చెప్పండి. ఇంట్లో సున్నం వేసిన తెల్లగోడకు రెండు మూడు అడుగుల దూరంలో, కిటికీకి ఎదురుగా నిలబెట్టి ఫోన్‌తో తీసినా చక్కగా వస్తుంది.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది. డాక్యుమెంట్‌గా పంపించుకోండి.

పోయినేడు పెట్టిన ఫొటోనే మళ్లీ పెట్టడం పెద్ద తప్పు. సాఫ్ట్‌వేర్ పాత ఫొటోలతో పోలుస్తుంది. ప్రతి ఏడాదీ కొత్తది తీయండి, వేరే చొక్కా వేసుకుంటే మీకే గుర్తుంటుంది. పసిపిల్లలకూ విడి ఫొటో కావాలి. మంచం మీద తెల్ల దుప్పటి పరిచి, బిడ్డను పడుకోబెట్టి పైనుంచి తీయండి. పట్టుకున్న చెయ్యి కనిపించకూడదు.

5. కుటుంబ వివరాలు: ఒక్కరిని కూడా వదలకూడదు

దరఖాస్తు వేసే రోజుకు ఉన్న భార్య లేదా భర్తను, 21 ఏళ్లు నిండని, పెళ్లికాని పిల్లలందరినీ రాయాలి. వాళ్లు మీతో రాకపోయినా, మీ దగ్గర ఉండకపోయినా రాయాలి. మొదటి పెళ్లి పిల్లలు, భార్య లేదా భర్త తెచ్చుకున్న పిల్లలు, దత్తత పిల్లలు కూడా ఇందులోకే వస్తారు. అమెరికా పౌరసత్వమో గ్రీన్ కార్డో ఇప్పటికే ఉన్న పిల్లలను రాయకపోయినా తప్పులేదు.

ఒక్క పేరు తప్పితే మొత్తం కుటుంబం అర్హత కోల్పోతుంది. పెద్దల సమక్షంలో విడిపోయి, కోర్టు విడాకులు లేని భార్య ఉందనుకోండి. చట్టం దృష్టిలో ఆమె ఇంకా భార్యే. ఆమె పేరు రాయకుండా "సింగిల్" అని పెడితే ఇంటర్వ్యూలో తిరస్కరిస్తారు.

దరఖాస్తు తర్వాత పెళ్లైనా, బిడ్డ పుట్టినా వాళ్లను తర్వాత చేర్చవచ్చు. ఎంపికైన తర్వాత హడావుడిగా చేసుకున్న పెళ్లిని మాత్రం అధికారులు బాగా శోధిస్తారు. నిశ్చితార్థం, పెళ్లి ఫొటోలు, ఫోన్ రికార్డులు, కలిసి ఉన్న అద్దె ఒప్పందం ఉండాలి.

6. ఫారం నింపే రోజు

దరఖాస్తు ఒకే చోట: డీవీప్రోగ్రామ్ డాట్ స్టేట్ డాట్ గవ్. చివర "డాట్ గవ్" లేని సైట్ ఏదైనా ప్రభుత్వానిది కాదు. గత ఏళ్లలో అక్టోబర్ మొదటి వారం నుంచి నవంబర్ మొదటి వారం దాకా తెరిచి ఉంచేవారు. చివరి వారంలో సైట్ నత్తనడక నడుస్తుంది, మొదటి రెండు వారాల్లోనే ముగించేయండి.

ఫారం తెరిచాక 60 నిమిషాలే టైం. మధ్యలో సేవ్ చేసే వీలు లేదు. అందుకే పైన చెప్పిన కాగితం ముందే రాసుకోమన్నది.

"అర్హత దేశం పుట్టిన దేశమేనా?" అన్న ప్రశ్న దగ్గర నిదానించండి. గల్ఫ్‌లో పుట్టినవారు "అవును" అంటారు. భార్య లేదా భర్త దేశం వాడుకునేవారు "కాదు" అని, ఆ దేశం ఎంచుకుని, కారణం రాయాలి. ఇండియా అని వదిలేస్తే అక్కడే అయిపోయింది.

పంపేశాక దిద్దుకునే వీలు లేదు. తప్పు కనిపించిందని రెండోసారి వేస్తే ఒకే మనిషివి రెండు దరఖాస్తులు అవుతాయి, రెండూ పోతాయి. పంపే ముందు ఇంట్లో ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టి, మీరు చదువుతుంటే వాళ్లను పత్రాలతో సరిచూడమనండి.

చివర్లో పేరు, కన్ఫర్మేషన్ నంబర్‌తో ఒక పేజీ వస్తుంది. దాన్ని ప్రింట్ తీయండి, స్క్రీన్‌షాట్ తీయండి, మీకు మీరే మెయిల్ చేసుకోండి.

7. ఫలితం, మోసగాళ్లు

ఫలితం మరుసటి ఏడాది మే నెలలో వస్తుంది. అదే సైట్‌లో "ఎంట్రంట్ స్టేటస్ చెక్" దగ్గర కన్ఫర్మేషన్ నంబర్ కొట్టి చూసుకోవాలి. నంబర్ పోతే పేరు, పుట్టిన తేదీ, దరఖాస్తులో ఇచ్చిన ఈమెయిల్‌తో తిరిగి తెచ్చుకోవచ్చు. ఏజెంట్ తన ఈమెయిల్ పెట్టి ఉంటే ఆ దారి కూడా మూసుకుపోతుంది. ఎంపికయ్యాక నంబర్ చేతిలో పెట్టుకుని లక్షలు అడిగే బేరం అలాగే మొదలవుతుంది.

"మీరు గెలిచారు" అని ప్రభుత్వం ఈమెయిల్ పంపదు, ఉత్తరం రాయదు, ఫోన్ చేయదు. ఇంటర్వ్యూ ఫీజు ముందుగా ఎవరికీ పంపే పద్ధతి లేదు. కాన్సులేట్‌లో వీసా తీసుకునేవాళ్లు ఇంటర్వ్యూ రోజు అక్కడి క్యాషియర్ దగ్గరే కట్టాలి. కేసులో తెలియని వ్యక్తిని భార్యగానో భర్తగానో చేర్చి ఖర్చంతా మేం పెట్టుకుంటాం అనేవాళ్లూ ఉన్నారు. దొరికితే జీవితాంతం అమెరికా వీసా రాకుండా పోతుంది.

8. ఎంపికైనంత మాత్రాన వీసా వచ్చినట్టు కాదు

ఏటా ఉన్న వీసాలు గరిష్ఠంగా 55,000. డీవీ 2025కు కుటుంబ సభ్యులతో కలిపి సుమారు 1,31,000 మందిని ఎంపిక చేశారు. మధ్యలో చాలామంది వదిలేస్తారనీ, తిరస్కరణలు ఉంటాయనీ అలా ఎక్కువగా తీసుకుంటారు.

కాబట్టి ఎంపికైనవాళ్లకు ఇచ్చే కేసు నంబర్ కీలకం. డీవీ 2026 నంబర్‌లో ముందు 2026, దాని పక్కన ఏఎస్ అక్షరాలు, ఆ తర్వాత అంకెలు ఉంటాయి. ఏఎస్ అంటే ఆసియా, గల్ఫ్ దేశాలు అందులోకే వస్తాయి. ప్రతి నెలా అమెరికా విదేశాంగ శాఖ ఇచ్చే వీసా బులెటిన్‌లో ప్రాంతాలవారీగా ఒక అంకె ఇస్తారు. ఆసియాకు 5,000 అని ఉంటే 5,000 కంటే తక్కువ నంబర్లకే ఆ నెల ఇంటర్వ్యూ. ఏ దేశానికీ మొత్తం వీసాల్లో 7 శాతం దాటనివ్వరు.

గడువు కచ్చితం. డీవీ 2026 వాళ్లకు 2024 అక్టోబర్‌లో దరఖాస్తు, 2025 మేలో ఫలితం, 2025 అక్టోబర్ 1 నుంచి 2026 సెప్టెంబర్ 30 దాకా వీసాలు. ఆ సెప్టెంబర్ 30 అర్ధరాత్రి దాటితే చేతికొచ్చిన కేసు కూడా చచ్చిపోతుంది. వచ్చే ఏడాదికి బదిలీ కాదు.

అందుకే ఎంపిక తెలిసిన వారంలోనే డీఎస్-260 అనే వలస వీసా దరఖాస్తు ఫారం ఆన్‌లైన్‌లో నింపేయండి. పెద్ద నంబర్ కదా, తర్వాత చూద్దాం అనుకుంటే కేసు కదలదు. పదహారేళ్ల వయసు నుంచి ఉన్న చిరునామాలన్నీ, గత పదేళ్లలో పనిచేసిన చోట్లన్నీ అందులో అడుగుతారు. గల్ఫ్‌లో క్యాంపులు మారుతూ ఉన్నవాళ్లు పాత వీసా స్టాంపులు ముందు పెట్టుకుని తేదీలు రాసుకోండి. డీఎస్-260లో తప్పు పడితే తిరిగి తెరిపించుకుని దిద్దుకోవచ్చు.

21కి దగ్గర పడిన పిల్లలు ఉంటే లెక్క వేయండి. దరఖాస్తులు తెరిచిన మొదటి రోజు నుంచి ఫలితం వచ్చిన రోజు వరకు ఉన్న రోజులను, కేసు నంబర్ కరెంట్ అయ్యే (బులెటిన్‌లో వంతు వచ్చే) నాటి వయసులోంచి తీసేస్తారు. సుమారు ఏడు నెలల వెసులుబాటు దొరుకుతుంది.

9. పత్రాలు, మెడికల్, ఇంటర్వ్యూ

ఇంటర్వ్యూ మీరు నివసించే దేశంలో గానీ, పౌరసత్వం ఉన్న దేశంలో గానీ జరుగుతుంది. తేదీ కూడా స్టేటస్ చెక్‌లోనే కనిపిస్తుంది.

ఒరిజినల్, ఒక జిరాక్స్ చొప్పున:

☐ పాస్‌పోర్ట్, ఇంటర్వ్యూ లెటర్, డీఎస్-260 కన్ఫర్మేషన్ పేజీ
☐ ఒక్కొక్కరికి రెండు ఫొటోలు, రెండంగుళాల చతురస్రం
☐ మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం
☐ రిజిస్ట్రార్ ఇచ్చిన వివాహ ధ్రువపత్రం. శుభలేఖ, గుడి రసీదు చాలవు
☐ పాత పెళ్లి ఉంటే కోర్టు విడాకుల డిక్రీ లేదా మరణ ధ్రువపత్రం
☐ ఇంటర్ మార్కుల మెమో, పాస్ సర్టిఫికెట్
☐ పోలీస్ క్లియరెన్స్. ఇండియాది పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ద్వారా. 16 ఏళ్లు దాటాక 12 నెలలు అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి దేశం నుంచి కూడా కావాలి

గల్ఫ్ దేశాల పోలీస్ క్లియరెన్స్ వచ్చేసరికి ఎక్కువ కాలం పడుతుంది, ముఖ్యంగా అక్కడి నుంచి వచ్చేసినవాళ్లకు. ఇంటర్వ్యూ తేదీ కోసం ఆగకుండా నంబర్ దగ్గరపడుతున్నట్టు కనిపించగానే మొదలుపెట్టండి. అరబిక్ పత్రాలకు ఇంగ్లిష్ అనువాదం, దాని కింద అనువాదకుడి ధ్రువీకరణ ఉండాలి.

మెడికల్ పరీక్ష కాన్సులేట్ గుర్తించిన డాక్టర్ దగ్గరే చేయించాలి. పాత టీకాల కార్డు తీసుకెళ్తే కొన్ని టీకాలు తప్పుతాయి. ఫీజు మనిషికి 330 డాలర్లు, తిరస్కరించినా వెనక్కి రాదు. మెడికల్ ఖర్చు వేరు.

దీనికి ఐ-864 స్పాన్సర్ ఫారం అక్కర్లేదు. అక్కడ మీ కాళ్ల మీద నిలబడగలరని మాత్రం అధికారికి నమ్మకం కలగాలి. బ్యాంకు స్టేట్‌మెంట్, ఆస్తి కాగితాలు, బంధువుల హామీ పత్రం దగ్గర పెట్టుకోండి.

10. అమెరికాలోనే ఉన్నవాళ్లు

హెచ్‌1బీ, హెచ్4 వంటి స్టేటస్‌లో చట్టబద్ధంగా ఉంటే ఇండియాకు రాకుండా అక్కడి నుంచే గ్రీన్ కార్డ్ కోసం ఐ-485 ఫారం వేయవచ్చు. 2024 ఏప్రిల్ నుంచి దాని ఫీజు 1,440 డాలర్లు. 330 డాలర్ల డీవీ ఫీజు వేరుగా కట్టి ఆ రసీదు జతచేయాలి. సెప్టెంబర్ 30 లోపు వేస్తే చాలదు, ఆ తేదీ లోపు మంజూరు కావాలి. బులెటిన్‌లో రాబోయే నెల నంబర్లు ముందే ఇస్తారు, అవి చూసి వీలైనంత ముందు ఫైల్ చేయండి. నంబర్ జులై తర్వాత కరెంట్ అయ్యేలా ఉంటే కాన్సులేట్ దారి గురించి కూడా ఆలోచించండి.

ఎఫ్1 విద్యార్థులు ఒకటి గుర్తుంచుకోవాలి. డీఎస్-260 వేశారంటే స్థిరపడే ఉద్దేశం ఉన్నట్టే. ఆ తర్వాత స్టూడెంట్ వీసా రెన్యువల్ కష్టం కావచ్చు.

11. వీసా చేతికొచ్చాక

వీసా గడువు సాధారణంగా 6 నెలలు, మెడికల్ తేదీని బట్టి తగ్గవచ్చు. బయల్దేరే ముందు ఒక్కొక్కరికి 235 డాలర్ల ఇమిగ్రెంట్ ఫీజు ఆన్‌లైన్‌లో కడితే గ్రీన్ కార్డ్ మీరిచ్చిన అమెరికా చిరునామాకు వస్తుంది. సీలు వేసిన కవరు ఇస్తే దాన్ని తెరవకండి, చేతి సంచిలోనే పెట్టుకోండి, ఎయిర్‌పోర్ట్ అధికారికి అలాగే ఇవ్వండి.

కేసు ఎవరి పేరు మీద ఉందో వారు ముందుగానైనా, కుటుంబంతో కలిసైనా దిగాలి. భార్య లేదా భర్త పుట్టిన దేశం మీద వీసా వచ్చిన జంటలు మాత్రం ఇద్దరికీ ఒకే విమానంలో టికెట్లు తీసుకుని, ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గరకు ఇద్దరూ కలిసే వెళ్లండి.